ఎవరూ చూడని గుర్రాన్ని ఎంచుకోవడం: మలక్‌పేట రేసులో నా అనుభవం

గుర్రప్పందెంలో పది పన్నెండు గుర్రాలు పరుగెత్తితే, జనం డబ్బులో ఎక్కువ భాగం మూడు నాలుగింటి మీదే పడుతుంది. మిగిలిన వాటిలో చాలావరకు నిజంగానే గెలవలేనివి. అయితే వాటి నడుమ అప్పుడప్పుడు, గెలిచే శక్తి ఉండి కూడా గత రేసుల అంకెలు బాగాలేనందువల్ల మరుగున పడిపోయిన గుర్రం ఒకటి ఉంటుంది. అలాంటి గుర్రాన్ని ఆధారాలతో వెతికి పట్టుకోవడం నాకు ఎంతో ఇష్టమైన పని. గత చలికాలపు సీజనులో హైదరాబాదు మలక్‌పేటలో జరిగిన ఒక 1400 మీటర్ల హ్యాండిక్యాప్ రేసుకు (గుర్రం శక్తిని బట్టి మోసే బరువు నిర్ణయించే రేసు) ఒక ఆడగుర్రాన్ని నేను ఎలా ఎంచుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. గుర్రాల పేర్లు, జాకీల పేర్లు కావాలనే రాయడం లేదు. ఆ రేసు ముగిసిపోయింది, ఆలోచించిన తీరు మాత్రమే ఇతరులకు పనికొస్తుంది.

నేను కర్నూలులో ఉంటాను. ఆంధ్రప్రదేశ్‌లో గుర్రాల రేసులు నడిచే మైదానం లేదు కనుక, మాకు దగ్గరగా ఉన్నది మలక్‌పేటే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మౌలాలి నుంచి అక్కడికి మార్పించిన మైదానం అది. వానాకాలంలో ఒక సీజను, చలికాలంలో ఒక సీజను జరుగుతాయి. నేను ముందురోజే రైలెక్కి కాచిగూడలో దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బావ ఇంట్లో బస చేస్తాను. ఈ రేసుల పరిచయం కలిగించింది ఆయనే. కానీ అంకెల వెనక ఏముందో అడగడం నేర్పింది మాత్రం, గుర్రపు రేసును ఒక్కసారి కూడా చూడని మా చిన్నాయన.

చిన్నాయన కోడుమూరు వైపు ఒంగోలు గిత్తలను పెంచి బండలాగుడు పోటీలకు తోలుకుపోయేవాడు. ఏదో ఊరి తిరునాళ్లలో ఫలానా జత ఎన్ని అడుగులు లాగిందో ఎవరైనా చెబితే, ఆయన ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "బండ ఎంత బరువుదప్పా? నేల ఎట్లుండె?" పాలపళ్ల (లేత వయసు) విభాగంలో మొదటి బహుమతి తెచ్చిన జత ఆరు పళ్ల విభాగంలోకి వెళ్లేసరికి వెనకబడితే, ఆ గిత్తలు చెడిపోయాయని ఆయన ఎన్నడూ అనలేదు, బండ మారింది, పక్కన లాగే జతలు మారాయి అనేవాడు. గుర్రపు రేసులోనూ సరిగ్గా ఇదే చూడాలి. ఎన్నో స్థానంలో వచ్చిందన్నది ఫలితం మాత్రమే. ఎంత బరువు మోసింది, ఎంత దూరం పరుగెత్తింది, ఎవరితో పోటీపడింది అన్నవి ఆ ఫలితానికి కారణాలు. జనం ఎక్కువగా ఫలితాన్ని చూసి డబ్బు పెడతారు. మరుగున పడిన గుర్రం ఉందంటే, అది ఆ కారణాల దగ్గరే దొరుకుతుంది.

పెద్ద భావు (గెలిస్తే పందేనికి ఎన్ని రెట్లు వస్తుందన్న లెక్క) ఉన్నంత మాత్రాన అది మంచి పందెం కాదన్న సంగతి కూడా ముందే చెప్పాలి. రిచర్డ్ గ్రిఫిత్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో గుర్రపు పందేల లెక్కలు పరిశీలించి, జనం పెద్ద భావు గుర్రాల మీద వాటి అర్హతకు మించి డబ్బు పెడతారని, తక్కువ భావు గుర్రాల మీద అర్హత కంటే తక్కువగా పెడతారని చూపించాడు. ఆ తరువాత అనేక దేశాల పరిశోధకులు ఇదే ధోరణిని గమనించారు. ఫేవరెట్లు, అంటే జనం డబ్బు అన్నింటికంటే ఎక్కువగా పడిన గుర్రాలు, సుమారుగా మూడు రేసుల్లో ఒకటి గెలుస్తాయి. కళ్లు మూసుకుని అవుట్‌సైడర్ల (పెద్ద భావు గుర్రాల) మీద పందెం కాస్తూ పోయేవాడు, కళ్లు మూసుకుని ఫేవరెట్ల మీద కాసేవాడి కంటే వేగంగా డబ్బు పోగొట్టుకుంటాడు. కనుక అవుట్‌సైడర్ మీద పందెం కట్టాలంటే, జనం దాన్ని ఎందుకు తక్కువగా అంచనా వేశారో, ఆ అంచనా ఎక్కడ తప్పిందో రెండూ చెప్పగలగాలి. రెండోది చెప్పలేకపోతే నేను టికెట్ కొనను.

ఆ రేసులో పన్నెండు గుర్రాలున్నాయి. రేస్ బుక్ చేతికి రాగానే గెలిచే గుర్రం కోసం వెతకడం నా పద్ధతి కాదు. గెలవలేని వాటిని తీసివేయడంతో మొదలుపెడతాను. 1400 మీటర్లలో ఒక్కసారి కూడా చివరిదాకా నిలవని పొట్టి దూరపు గుర్రాలు రెండు, సుదీర్ఘ విరామం తరువాత ట్రాక్ వర్క్‌లో (సాధన పరుగుల్లో) చెప్పుకోదగ్గ పరుగు ఒక్కటీ లేకుండా వస్తున్నది ఒకటి, ఎన్ని రేసులైనా రేటింగ్ దిగుతూనే ఉన్న ముసలి గుర్రాలు రెండు, ఇలా ఐదు పోయాయి. మిగిలిన ఏడింటిలో ఒకటి ఈ ఐదేళ్ల ఆడగుర్రం. చివరి మూడు రేసుల్లో దాని స్థానాలు ఎనిమిది, తొమ్మిది, ఏడు. ఈ మూడు అంకెలు చూసి పేజీ తిప్పేసేవారే ఎక్కువ. నా చూపు ఆగింది అంకెల పక్కన ఉన్న దూరాల దగ్గర: 1100, 1200, 1200. దాని ఏకైక గెలుపు అంతకుముందు సీజనులో 1400 మీటర్ల రేసులో, వెనకనుంచి వచ్చి సాధించినది. మొదట్లో నెమ్మదిగా ఉండి చివర వేగం పుంజుకునే గుర్రాన్ని 1100 మీటర్ల రేసులో దింపితే, అది వేగం అందుకునే వేళకు రేసు ముగిసిపోతుంది. ఆ మూడు పరాజయాలు దాని శక్తి గురించి ఏమీ చెప్పడం లేదు.

బరువుల లెక్కకు నేను అందరికంటే ఎక్కువ సమయం ఇస్తాను. హ్యాండిక్యాప్ రేసులో గుర్రాలన్నీ ఒకేసారి గీత దగ్గరకు రావాలన్నది ఆశయం. అందుకని హ్యాండిక్యాపర్ అనే అధికారి ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఇస్తాడు. మన దేశంలో ఒక్కో రేటింగ్ పాయింటుకు అర కిలో బరువు. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, వరసగా ఓడిపోతే తగ్గుతుంది. అంటే చెడ్డ అంకెలు ఊరికే పోవు. ఓడిన ప్రతిసారీ గుర్రం వీపు మీద బరువు దిగుతూ వస్తుంది. ఆ రోజు ఫేవరెట్‌గా ఉన్న నాలుగేళ్ల మగగుర్రం, ఈ ఆడగుర్రం అంతకుముందు 1200 మీటర్ల రేసులో కలిసి పరుగెత్తాయి. అప్పుడు ఫేవరెట్ 52 కిలోలు మోసి గెలిచింది. ఇది 57 కిలోలు మోసి దానికి ఐదు లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) వెనక ఏడో స్థానంలో వచ్చింది. ఆ గెలుపుతో ఫేవరెట్‌కు ఎనిమిది పాయింట్లు పెరిగాయి, దీనికి నాలుగు తగ్గాయి. ఇప్పుడు అది 56 మోస్తుంది, ఇది 55. ఇద్దరి మధ్య ఆరు కిలోల మార్పు వచ్చిందన్నమాట. ఈ దూరాల్లో ఒక లెంగ్త్‌కు సుమారు ఒక కిలో అని నేను వాడే మోటు లెక్క. దాని ప్రకారం ఐదు లెంగ్త్‌ల తేడా తుడిచిపెట్టుకుపోతుంది. దూరం మారడం వల్ల కలిగే మేలు ఇందులో ఇంకా చేరలేదు.

ఈ లెక్కను నేను వేదంగా నమ్మను. నాలుగేళ్ల గుర్రం ఇంకా ఎదుగుతూ ఉంటుంది, పాత రేసులో అది ఎంత శక్తి దాచుకుని గెలిచిందో అంకె చెప్పదు. అందుకే ఆ రేసు వీడియోను బావ ఫోనులో పదేపదే చూశాను. జనం కళ్లు ముందున్న గుర్రాల మీద ఉంటాయి. నేను చివరి 400 మీటర్లలో వెనక గుంపునే చూశాను. మలుపు తిరిగి చివరి పరుగులోకి రాగానే ఈ ఆడగుర్రానికి ముందు రెండు గుర్రాలు గోడకట్టినట్టు అడ్డుపడ్డాయి, జాకీ దాన్ని లాగి పట్టి బయటి వైపుకు తిప్పవలసి వచ్చింది. ఆ తరువాతి 200 మీటర్లలో అది ముందున్న గుంపుకు స్పష్టంగా దగ్గరైంది. సెకనుకు సుమారు ఆరు లెంగ్త్‌ల వేగంతో సాగే పరుగులో, అర సెకను పాటు పగ్గం బిగబట్టినా రెండు మూడు లెంగ్త్‌లు పోతాయి. ఫలితాల పట్టికలో ఇది ఎక్కడా కనిపించదు, అక్కడ కనిపించేది ఏడు అనే అంకె ఒక్కటే.

మరో ఆధారం రేసు సాగే వేగం గురించి. ఈ పన్నెండింటిలో నాలుగు గుర్రాలు గేటు తెరుచుకోగానే ముందుకు దూకి, ముందుండి పరుగెత్తే అలవాటున్నవి. నాలుగూ ముందు స్థానం కోసం పోట్లాడితే మొదటి సగం చాలా వేగంగా సాగుతుంది, చివరికి నాలుగూ అలసిపోతాయి. ఆ పరిస్థితి వెనకనుంచి వచ్చే గుర్రానికి అనుకూలం. 2022 మే 7న అమెరికాలోని కెంటకీ డెర్బీలో జరిగింది ఇదే. రిచ్ స్ట్రైక్ అనే గుర్రం ఒకటికి ఎనభై భావుతో గెలిచింది. ఒక గుర్రం తప్పుకోవడం వల్ల ముందురోజే దానికి చోటు దొరికింది. ఒకప్పుడు 30,000 డాలర్లకు చేతులు మారిన గుర్రం అది. ముందున్న గుర్రాలు మొదటి పావు మైలును 22 సెకన్లలోపే పరుగెత్తి, చివర నిస్సత్తువ పడ్డాయి. వెనక ఓపికపట్టిన రిచ్ స్ట్రైక్ లోపలి కంచె వెంబడి వచ్చి అన్నింటినీ దాటింది. అవుట్‌సైడర్ల గెలుపులన్నీ ఇలా కారణం ఉన్నవి కావు. 1967లో ఇంగ్లండులోని గ్రాండ్ నేషనల్‌లో ఫోయినావన్ గెలవడానికి కారణం, ఒక కంచె దగ్గర ముందున్న గుర్రాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఆగిపోవడం. అటువంటి దాన్ని ఎవరూ ముందుగా చదవలేరు. మొదటి రకాన్ని కొంతవరకైనా చదవవచ్చు, నా శ్రమంతా దాని కోసమే.

ఇంత అనుకూలత ఉన్న గుర్రాన్ని జనం ఎందుకు వదిలేశారో కూడా ఆలోచించాను. వరస పరాజయాలు ఒక కారణం. దాని మీద ఎక్కిన జాకీ పేరున్నవాడు కాకపోవడం రెండో కారణం; పెద్ద జాకీ ఎక్కితే చాలు, ఆ గుర్రం భావు సగానికి పడిపోతుంది. మూడోది, దినపత్రికల్లో వచ్చే అంచనాల్లో ఎవరూ దాని పేరు రాయలేదు. వీటిలో ఏదీ గుర్రం కాళ్లకు సంబంధించినది కాదు. కానీ గుర్రం ఒంట్లో బాగాలేకపోవడం అనే నాలుగో కారణం కూడా ఉండవచ్చు, దాన్ని కాగితం మీద తేల్చలేము. పందెం కట్టేముందు పాడాక్ దగ్గర నిలబడి తీరవలసిందే.

పాడాక్‌లో గుర్రాలను నడిపిస్తున్నప్పుడు నేను చూసేవి కొన్నే. వెనక కాలి గిట్ట ముందు కాలి గుర్తును దాటి పడుతోందా, నడకలో ఏ కాలినైనా దాచుకుంటోందా, ఒంటి మీద నిగనిగ ఉందా, పక్కటెముకలకూ తొడకూ మధ్య కండ బిగువుగా ఉందా అని. ఎండ పెద్దగా లేని చలికాలపు మధ్యాహ్నం వెనక కాళ్ల మధ్య నురగలా చెమట పట్టి, తలను పదేపదే ఎగరేస్తుంటే ఆ గుర్రం రేసుకు ముందే శక్తిని ఖర్చుపెడుతోందని అర్థం. మా ఆడగుర్రం తల దించి, చెవులు ముందుకు పెట్టి, పొడవైన అడుగులతో నిమ్మదిగా నడిచింది. ఫేవరెట్ కూడా బాగానే ఉంది. దాన్ని తక్కువ చేసి చెప్పడానికి నాకు కారణం కనిపించలేదు. ముందుండి పరుగెత్తే నాలుగింటిలో రెండు మాత్రం చెమటలు కక్కుతూ తిరిగాయి, వేగమైన రేసు జరుగుతుందన్న నా అంచనాకు అది బలం చేకూర్చింది.

స్టాండ్లలో చెవిలో చెప్పే మాటలు చాలా వినిపిస్తాయి. ఫలానా ట్రైనర్ ఈ రోజు ఫలానా గుర్రాన్ని గెలిపించుకుంటాడట అని ఒకరు, ఫేవరెట్ పరుగెత్తదట అని మరొకరు చెబుతారు. బావకు కూడా ఒక పరిచయస్తుడు వచ్చి మరో గుర్రం పేరు చెప్పాడు. "ఎందుకు గెలుస్తుందో చెప్పమను బావా, అప్పుడు చూద్దాం" అన్నాను. ఆ మనిషి దగ్గర కారణం లేదు. కారణం లేని కబురును నేను ఇంతవరకు టికెట్‌గా మార్చలేదు.

తరువాత భావు లెక్క. ఈ రేసు పన్నెండు సార్లు జరిగితే ఈ గుర్రం ఒకసారి గెలుస్తుందని నా అంచనా. ఆశను తీసేసి, కాస్త తగ్గించి వేసుకున్న అంచనా అది. దాని ప్రకారం పది రూపాయల పందేనికి 120 రూపాయలు వస్తే సరికి సరి. అయితే పన్నును మరిచి లెక్క వేయకూడదు. గుర్రపు పందేల మీద జీఎస్టీ 2017 జూలైలో 28 శాతంగా మొదలై, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. పది రూపాయల పందేనికి పన్నుతో కలిపి పద్నాలుగు మన జేబులోంచి పోతాయనుకుంటే, సరికి సరి కావడానికి 168 రావాలి. గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం వేరే ఉంది. ఇవన్నీ కలుపుకొని, పది రూపాయల పందేనికి ఎంత వస్తుందో చూపే టోట్ బోర్డు మీద దీని అంకె 200 కంటే తక్కువ ఉంటే పందెం కట్టకూడదని రేస్ బుక్ అంచున ముందే రాసుకున్నాను. అలా ముందే రాసుకోవడం అవసరం. ఇంత చదివిన తరువాత గుర్రం మీద మమకారం పెరుగుతుంది, బోర్డు మీద 130 కనిపించినా పరవాలేదని మనసు సర్దిచెబుతుంది.

ఎంత కట్టాలన్నది మరో మాట. సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడినదని తీర్పు చెప్పింది. మా ఇంట్లో మాత్రం దీన్ని జూదమనే అంటారు, ఆ మాటను నేను గౌరవిస్తాను, ఎందుకంటే నైపుణ్యం ఉన్నవాడి డబ్బూ పోతుంది. నా అంచనా నిజమైనా పన్నెండింట పదకొండు సార్లు ఈ గుర్రం ఓడుతుంది. కనుక సీజను మొదట్లోనే, పూర్తిగా పోయినా ఇంటి ఖర్చుకు అడ్డం రాని చిన్న మొత్తాన్ని విడిగా తీసిపెట్టి, ఒక్కో అవుట్‌సైడర్ మీద అందులో చిన్న భాగమే కడతాను. పోయిన డబ్బును వెనక్కి తెచ్చుకోవడానికి తరువాతి రేసులో పెంచడం అన్నది నా నియమాల్లో లేదు. అప్పు చేసి, జీతం డబ్బు తెచ్చి ఈ మైదానంలో పోగొట్టుకున్న కుటుంబాలు మా జిల్లాలోనూ ఉన్నాయి. వారికి నేను చెప్పగలిగింది, దీని జోలికే రావద్దని.

రేసుకు ముందు బోర్డు మీద అంకె 260 వరకు వెళ్లి 240 దగ్గర నిలిచింది. మూడో వంతు గెలుపు మీద, మిగిలినది ప్లేస్ మీద కట్టాను. ప్లేస్ అంటే గుర్రం మొదటి కొన్ని స్థానాల్లో ఎక్కడ నిలిచినా డబ్బు వస్తుంది. వెనకనుంచి వచ్చే గుర్రానికి దారి మూసుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, గెలవవలసినది రెండో స్థానంలో ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. అందుకే అటువంటి గుర్రం విషయంలో ప్లేస్‌కు ఎక్కువ పెట్టడం నాకు సబబుగా తోస్తుంది.

గేటు తెరుచుకున్నాక ముందుండే నాలుగింటిలో మూడు అనుకున్నట్టే పోట్లాడుకున్నాయి. ఫేవరెట్ వాటి వెనక ఐదో స్థానంలో ప్రశాంతంగా సాగింది. ఆడగుర్రం పదో స్థానంలో ఉంది. మలుపు దగ్గర దాని జాకీ లోపల దారి కోసం వెతకకుండా, దూరం ఎక్కువైనా సరేనని బయటి వైపుకు తెచ్చాడు. పేరు లేని ఆ కుర్రవాడు గత రేసును చూసి నేర్చుకున్నాడని నాకు అప్పుడు అనిపించింది. చివరి 300 మీటర్లలో ముందున్నవి ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి, ఫేవరెట్ ముందుకు వచ్చింది, బయటినుంచి ఇది దాన్ని తరుముతూ వచ్చింది. గీత దగ్గర మెడ తేడాతో ఫేవరెట్ గెలిచింది. గెలుపు టికెట్ పోయింది, ప్లేస్ టికెట్ రెండింటి ఖర్చునూ తిరిగి ఇచ్చి కొంత మిగిల్చింది. బావ ఆ మెడ తేడా గురించి చాలాసేపు బాధపడ్డాడు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. బరువులు మారితే రెండు గుర్రాలూ దాదాపు సమానమవుతాయని కాగితం మీద రాసుకున్నది, మైదానంలో మెడంత దూరంలో నిజమైంది.

కొద్ది వారాల తరువాత అదే ఆడగుర్రం మళ్లీ 1400 మీటర్లలో దిగింది. ఈసారి అందరూ దాని పేరు రాశారు, పెద్ద జాకీ ఎక్కాడు, బోర్డు మీద అంకె 35. అది ఐదింట ఒకసారి గెలుస్తుందని నా అంచనా, అంటే పన్ను కలపకముందే 50 వస్తే గాని సరికి సరి కాదు. నేను కట్టలేదు. అది గెలిచింది. గెలిచినా ఆ భావుకు అది నేను కట్టవలసిన పందెం కాదు, మళ్లీ అదే భావు చూపినా కట్టను. ఆ రోజు నేను చూసినది ఆరో స్థానంలో వచ్చిన మరో గుర్రాన్ని: స్టార్టింగ్ గేటులో అన్నింటికంటే బయటి చోటు దొరికి, మలుపంతా వెడల్పుగా తిరిగి, చివర్లో కూడా వేగం తగ్గకుండా వచ్చింది. దాని రేటింగ్ మరో రెండు పాయింట్లు దిగి, 1600 మీటర్ల రేసులో లోపలి చోటు దొరికితే చూడాలని పుస్తకంలో రాసుకున్నాను.